చేను రైతుది, చెట్టు అందరిది

బతుకమ్మ దినాలు వచ్చినవంటే తార్నాక చౌరస్తా మొదలుకొని, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణం దాటి అంబరుపేట చేరేవరకు, దారి పొడవునా తంగేడు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతూ ఉంటారు. ఆ పూలను బేరమాడి కొనేవారు వేలమంది. అవి ఎక్కడ పెరిగినవని అడిగేవారు మాత్రం అరుదు. తంగేడును ఎవరూ విత్తలేదు, ఎవరూ నీరు పెట్టలేదు. అది ఏ రైతు చేనిగట్టు మీదనో, ఏ పడావు భూమిలోనో తనంతట తాను మొలిచినది. గునుగు జొన్నచేనిలోను, కందిచేనిలోను పెరిగే మొక్క. మనకది పండుగ పువ్వు, చేను గల రైతుకు కలుపు.

అంబరుపేటలో బతుకమ్మ పేరనే ఒక కుంట ఉన్నది. చాలకాలం పూడిపోయి, చెత్తతో నిండి ఉన్న ఆ కుంటను 2025లో తవ్వించి మరల నీటితో నింపినారు. కుంట ప్రజలది గనుక ప్రభుత్వం తవ్వించగలిగినది. కాని ఆ కుంటలో వదిలే పూలు పెరిగిన గట్టు సంగతి ఏమిటి? 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించినది. పుష్పం రాష్ట్రానిది, గట్టు మాత్రం పట్టాదారుది.

ఈ చిన్న ఉదాహరణలో ఒక పెద్ద లెక్క దాగి ఉన్నది. రైతు ఆ గట్టును దున్ని చేనిలో కలుపుకొంటే అతనికి మరి రెండు సాళ్ళు పంట వస్తుంది. అందులో తప్పేమీ లేదు, భూమి అతనిదే. కాని ఆ గట్టుతోపాటు తంగేడు పోతుంది. దానిపై వాలే తుమ్మెదలు, తేనెటీగలు పోతవి. పొదలో గుడ్లు పెట్టే పిట్టలు పోతవి. లాభం ఒకరిది, నష్టం అందరిది. గట్టును అలాగే ఉంచితే లెక్క తలక్రిందులవుతుంది. అప్పుడు నష్టం ఒకరిది, లాభం అందరిది. అందరి మేలు కొరకు ఒక్కడు భరించే ఈ నష్టాన్ని ఎవరు పూడ్చవలెను?

స్వంత భూములలో ఉన్న దేశీయ జీవజాలాన్ని కాపాడేవారికి ప్రభుత్వం ధనసహాయం చేయవలెనన్న వాదం ఈనాడు అనేక దేశాలలో వినబడుతున్నది. ఇది పాశ్చాత్య దేశాల నుండి దిగివచ్చిన కొత్త ఊహ అని మనలో చాలామంది అనుకొంటారు. మన తెలుగు నేల చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం సరికాదని తెలుస్తుంది.

పాతకాలపు మాన్యాలు

మన పూర్వులు సప్తసంతానాలని ఏడు పుణ్యకార్యాలను లెక్కించినారు. కొడుకును కనుట, నిధిని నిలుపుట, గుడి కట్టించుట, కావ్యం వ్రాయించుట, అగ్రహారం ఇచ్చుట, చెరువు తవ్వించుట, వనం నాటించుట అనేవి ఆ ఏడు. చెరువూ వనమూ కన్నకొడుకుతో సమానంగా ఈ పట్టికలో చేరిన విషయం గమనింపదగినది. అయితే పుణ్యం మీద భారం వేసి ఊరుకొంటే చెరువు గట్టు నిలువదు. తవ్వించినవాడు కీర్తి పొందుతాడు. ఏటేటా మన్ను పోసి, గండ్లు పూడ్చి, తూము చూచుకొనేవాడు మరియొకడు కావలెను.

కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు ఇందుకు మంచి ఉదాహరణం. విజయనగర రాజవంశానికి చెందిన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం అక్కడ ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాగల ఆరు దోషాలను ఆ శాసనం వివరిస్తుంది. రెండేండ్లపాటు దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు చెబుతుంది. అంతటి చెరువును కట్టుట కంటె దానిని తరతరాలు నిలుపుకొనుట కష్టం.

ఆ కష్టానికి పరిష్కారంగా రాయలసీమలో దశబంధం అనే ఏర్పాటు వాడుకలోనికి వచ్చినది. దశబంధమంటే పదవ వంతు అని అర్థం. చెరువునో బావినో నిర్మించి, దానిని చక్కగా ఉంచే బాధ్యతను వహించినవానికి, ఆ నీటితో పండే భూమిలో కొంతభాగాన్ని మాన్యంగా ఇచ్చేవారు. లేదా వచ్చే శిస్తులో కొంత వంతు వదలిపెట్టేవారు. ఒక నిర్ణీతమైన భూఖండాన్ని ఇస్తే అది ఖండ దశబంధం. ఆయకట్టు మొత్తం రాబడిలో వంతు ఇస్తే అది షామిలాత్ దశబంధం. ఏ రూపంలో ఇచ్చినా షరతు ఒక్కటే. చెరువు బాగున్నంతకాలం మాన్యం చెల్లుతుంది, చెరువును పాడుపెడితే మాన్యాన్ని తిరిగి తీసికొనవచ్చును.

ఈ ఏర్పాటు జీవజాలం కొరకు చేసినది కాదు, పంటనీటి కొరకు చేసినది. కాని చెరువు నిలిచినచోట చేపలు, నత్తలు, కప్పలు, వాటిని తినే కొంగలు నిలిచినవి. తోపులు నాటేవారికి శిస్తులో మినహాయింపు ఇచ్చే ఆచారం కూడా తరువాతి కాలంలో మద్రాసు రాజధానిలో ఉండేది. మామిడి, చింత, వేప, కానుగ చెట్లతో ఊరి పక్కన పెరిగిన తోపులు బాటసారులకు నీడను, పక్షులకు గూడును ఇచ్చినవి. శిస్తు వదులుకొన్నదంటే ప్రభుత్వం డబ్బు ఇచ్చినట్లే. ఖజానా నుండి రూపాయి బయటకు రాకపోయినా, ఖజానాకు రావలసిన రూపాయి రైతు ఇంటనే ఉండిపోయినది. ఈ విధంగా స్వంత భూమిలో ప్రజోపయోగమైన దానిని కాపాడేవానికి ప్రతిఫలం చెల్లించే సూత్రం మనకు ఏనాడో తెలుసును.

ఈ మాన్యాలలో లోపాలు లేకపోలేదు. అవి వంశపారంపర్యం అయినవి. తాత చేసిన పనికి మనుమడు మాన్యం అనుభవించినాడు, పని మాత్రం మరచిపోయినాడు. భూమి లేని కూలివాడు గట్టుకు మన్ను మోసినాడు గాని, మాన్యంలో అతనికి వాటా దక్కలేదు. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ ఏర్పడి, ఏ మాన్యం ఎవరిది, ఏ షరతుపై ఇచ్చినది అని ఊరూరా విచారణ సాగించినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత తెలంగాణ ప్రాంతంలో 1955 చట్టంతోను, ఆంధ్ర ప్రాంతంలో 1956 చట్టంతోను ఇనాములు రద్దు అయినవి. అన్యాయమైన హక్కులను తొలగించుట అవసరమే. కాని వాటితోపాటు "ఈ పని చేసినంతకాలం ఈ ప్రతిఫలం" అనే మంచి సూత్రం కూడా వెనుకబడిపోయినది.

నిషేధం వచ్చిన దారి

అదే కాలంలో ప్రభుత్వం రెండవ మార్గాన్ని పట్టినది. అది నిషేధ మార్గం. జమీందారీలు రద్దు కానున్నవని తెలియగానే, చేతిలోని అడవి చేజారిపోకముందే చెట్లు నరికి సొమ్ము చేసికొందామన్న ఆశ యజమానులకు కలుగుట సహజం. ఆ ప్రమాదాన్ని ఆపుటకు 1949లో మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టాన్ని తెచ్చినది. అనుమతి లేకుండా అటువంటి అడవులను అమ్మరాదు, నరకరాదు. అదే 1949లో హైదరాబాదు సంస్థానంలో జాగీర్లు రద్దు అయినవి. తరువాత 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1969లో శ్రీగంధం, ఎర్రచందనం రవాణా నియమాలు, 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చినవి. స్వంత భూమిలోని చెట్టును నరుకుటకు, నరికిన కలపను తరలించుటకు అనుమతి కావలసి వచ్చినది.

నిషేధం లేకుంటే ఈనాడు మిగిలిన చెట్లు కూడా మిగిలేవి కావు. ఆ మేలును మరువరాదు. కాని నిషేధానికి ఒక హద్దు ఉన్నది. అది ఉన్న చెట్టును కొంతవరకు కాపాడగలదు గాని, లేని చెట్టును మొలిపించలేదు. ఒక రైతు చేనిగట్టున అరుదైన జాతి మొక్క ఒకటి మొలిచినదనుకొందాము. అది పెరిగి మానైతే దానిని ముట్టుకొనుటకు కచేరీల చుట్టూ తిరగవలసి వస్తుందని అతనికి తెలుసు. అతడేమి చేస్తాడు? జానెడు ఎత్తున ఉండగానే కొడవలితో కోసివేస్తాడు. జానెడు మొక్కకు ఏ చట్టమూ కాపలా లేదు. నరికిన దుంగను పట్టుకొనవచ్చును. పెరగకుండా పోయిన మొక్కను ఎవరు పట్టుకొంటారు?

చింతచెట్టు మీద అతిథులు

చెట్ల సంగతి అటుంచి పక్షుల సంగతి చూద్దాము. 1946లో కె. కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేరు సమీపాన ఆరేడు అనే ఊరివద్ద, గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకొన్న చోటును కనుగొన్నాడు. దక్షిణ భారతంలో ఈ పక్షులు గుడ్లు పెట్టే తావు ఏదో అప్పటికి చాలకాలంగా శాస్త్రజ్ఞులకు స్పష్టంగా తెలియదు. ఆ పక్షులు కీకారణ్యంలో లేవు, మనుషులు తిరిగే ఊళ్ళ నడుమ చెట్లపై ఉన్నవి. ముప్పై ఏండ్లు తిరగకుండానే, 1970 దశకం మధ్య నాటికి, ఆ స్థావరం ఖాళీ అయిపోయినది. కొల్లేరులోని ఆటపాక వద్ద ఈనాడు గూడబాతులు గూళ్ళు కట్టుతున్నవంటే, అందుకు అటవీశాఖవారు ఇనుప మంచెలు పాతవలసి వచ్చినది. చెట్లు చేసిన పని ఇనుము చేస్తున్నది.

ఇందుకు భిన్నంగా, శ్రీ సత్యసాయి జిల్లాలోని వీరాపురం, శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం వంటి ఊళ్ళలో పక్షులు ఇప్పటికీ ఊరి చెట్లమీద గూళ్ళు కట్టుతవి. వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ ముంగిట ఉన్న చింతచెట్లపై పిల్లలను సాకుతవి. వాటి రాక శుభమని ఊరివారి నమ్మకం. గూళ్ళున్న చెట్లనుండి చింతకాయ దులుపరు. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు రెండూ వస్తవి. వీటిని సైబీరియా కొంగలని జనం పిలుస్తారు గాని అది పొరపాటు. ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. నీరు, చేపలు దొరికే చోటును వెదకుకొంటూ మన దేశంలోనే ఒక చోటునుండి మరియొక చోటుకు పోతూ ఉంటవి. కనుక అవి అతిథులు కావు, మన ఇంటివే. మనము కాపాడకుంటే మరియొక దేశం కాపాడుతుందన్న భరోసా కూడ లేదు.

చింతకాయ వదలుకొనుట చిన్న త్యాగం కాదు. ఏటా ఒక చెట్టు ఫలసాయం పోతుంది. రెట్టలతో వాకిలి పాడవుతుంది, వాసన భరించవలెను. నమ్మకం బలంగా ఉన్న తరం దీనిని సంతోషంగానే భరిస్తుంది. తరువాతి తరంలో ఇల్లు కట్టుకొనుటకు చెట్టు అడ్డమైతే?

ఈ ప్రశ్నకు పొరుగు రాష్ట్రమైన కర్ణాటక ఒక జవాబు చెప్పినది. మండ్య జిల్లాలోని కొక్కరెబెళ్ళూరు గ్రామంలోను ఇవే పక్షులు ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టుతవి. 1976లో ఎస్. జి. నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆ స్థావరం ప్రాముఖ్యాన్ని గుర్తించినాడు. తరువాత, గూళ్ళున్న చెట్ల యజమానులకు వారు కోల్పోయే చింతపండుకు బదులుగా ఏటేటా కొంత సొమ్ము చెల్లించే ఏర్పాటును కర్ణాటక అటవీశాఖ చేసినది. అది పెద్ద మొత్తమేమీ కాదు. కాని దానిలో దశబంధం లక్షణం ఉన్నది. గూడు ఉన్న ఏడు చెల్లింపు ఉన్నది. చెట్టు యజమానిదే, భూమి యజమానిదే. ఊరు తన ఆచారంతో మొదలుపెట్టిన పనికి ప్రభుత్వం తోడు నిలిచినది. 2007లో ఆ తావు సామాజిక అభయారణ్యంగా గుర్తింపు పొందినది.

కొల్లేరులో వ్యవహారం ఇంత సాఫీగా సాగలేదు. 1999లో అయిదడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ప్రకటించినారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా నమోదయినది. ఆ హద్దులోపల ప్రభుత్వ భూమితోపాటు రైతుల జిరాయితీ భూములు కూడా ఉన్నవి. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టినారు. జిరాయితీదారులకు పరిహారమిచ్చి భూమి తీసికొనవలెనా, లేక అభయారణ్యం హద్దునే తగ్గించవలెనా అనే వివాదం రెండు దశాబ్దాలకు పైగా సాగినది. హద్దు గీయుట ఒక్క దినం పని. ఆ హద్దులో చిక్కుకొన్నవాని నష్టాన్ని లెక్కగట్టి చెల్లించుట మొదటి దినమే ఆలోచించవలసిన పని.

ఇతర దేశాల అనుభవం

ఈ సమస్య మనకొక్కరికే లేదు. అమెరికాలో 1985 ఆహార భద్రతా చట్టం క్రింద ఒక పథకం వచ్చినది. కోతకు గురయ్యే సాగుభూమిని పదినుండి పదిహేనేండ్ల వరకు దున్నకుండా గడ్డికో చెట్లకో వదిలివేసిన రైతుకు ప్రభుత్వం ఏటా కౌలు చెల్లిస్తుంది. 2007 నాటికి సుమారు 3 కోట్ల 70 లక్షల ఎకరాలు ఈ పథకంలో చేరినవి. ఆ పిమ్మట ధాన్యం ధరలు పెరిగినవి. ఒప్పందాలు ముగిసిన రైతులలో చాలామంది భూమిని మరల నాగలి క్రిందికి తెచ్చినారు. ప్రభుత్వం కూడ పథకం పరిమితిని తగ్గించినది. 2015 నాటికి పథకంలో సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలే మిగిలినవి.

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశం 1996లో అటవీ చట్టం చేసి, 1997 నుండి స్వంత భూములలో అడవిని నిలిపే యజమానులకు సొమ్ము చెల్లిస్తున్నది. ఆ సొమ్ములో ముఖ్యభాగం మోటారు ఇంధనంపై విధించిన పన్నునుండి వచ్చినది. పొగ వదలేవాడు చెట్టు పెంచేవానికి చెల్లించవలెనన్న న్యాయం ఇందులో ఉన్నది.

ఈ ఉదాహరణలను మన మాన్యాలతో పోల్చితే ఒక సంగతి తేటపడుతుంది. మన మాన్యం మరీ శాశ్వతం కావడంచేత పని పోయినా ప్రతిఫలం నిలిచినది. అమెరికా కౌలు మరీ తాత్కాలికం కావడంచేత గడువు తీరగానే గడ్డినేల పోయినది. ఈ రెండింటి నడుమ మార్గమే మనకు కావలసినది.

ఎర్రచందనం కథ

మన దేశంలో జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చినది. 2003లో చెన్నై కేంద్రంగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఏర్పడినది. ఈ చట్టంలోని 37వ విభాగం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకమైన తావులను జీవవైవిధ్య వారసత్వ ప్రదేశాలుగా ప్రకటించవచ్చును. హైదరాబాదు సమీపంలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గౌరవం లభించినది. ఆ ప్రకటన వలన ఆర్థికంగా నష్టపోయేవారికి పరిహారమో పునరావాసమో కల్పించే పథకాలను రాష్ట్ర ప్రభుత్వం రూపొందించవలెనని అదే విభాగం ఆదేశిస్తున్నది. అనగా మనము మరచిపోయిన పాత సూత్రం మరల చట్టంలోనికి ప్రవేశించినది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందపు పదకొండవ ప్రపంచ సదస్సు హైదరాబాదులోనే జరిగినది. ఆ వేదికపై భారత ప్రభుత్వం ఈ పనులకు 5 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని వాగ్దానం చేసినది.

ఈ చట్టం మన రైతు ఇంటికి సొమ్ముగా చేరిన మంచి ఉదాహరణం ఎర్రచందనం. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ వృక్షం శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ మొదలైన కొండలలో, రాతినేలలో, తక్కువ వర్షంతో పెరుగుతుంది. దీని చేవ నీటిలో మునిగేటంత బరువు గలది. అందులోని సాంటలిన్ అనే పదార్థంవలన దానికి ఎరుపు రంగు వచ్చినది. పూర్వం ఈ రంగు కొరకే చెక్క ఐరోపాకు ఎగుమతి అయ్యేది. చైనాలో గృహోపకరణాలకు, జపానులో వాద్యాలకు దీనికి గిరాకీ ఉన్నది. ఆ గిరాకీయే దీనికి శత్రువైనది. 1995లో దీనిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చినారు. అయినా దొంగనరుకుడు ఆగలేదు. స్వాధీనం చేసికొన్న దుంగలలో ఎనిమిది వేల టన్నులకు పైగా అమ్ముకొనుటకు 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతి పొందినదంటే, దొంగనరుకుడు ఏపాటిదో ఊహింపవచ్చును.

కొండమీది చెట్టుకు తుపాకి కాపలా ఉండగా, కొండ దిగువన కొందరు రైతులు తమ పట్టా భూములలో ఇదే చెట్టును పెంచినారు. చేవ పట్టుటకు ఇరవై ఏండ్లకు తక్కువ పట్టదు. నాటినవాడు కొడుకు పెండ్లికి ఉపయోగపడుతుందని నాటుతాడు. ఒక్కొక్కప్పుడు మనుమని పెండ్లికి కూడ అనుమతి చేతికి రాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం స్వంత భూములలో సాగుచేసిన ఎర్రచందనం ఎగుమతికి దారి తెరచినది. 2023లో ఈ వృక్షానికి సంబంధించి భారతదేశంపై ఉన్న అంతర్జాతీయ వాణిజ్య సమీక్ష ముగిసినది.

జీవవైవిధ్య చట్టం ప్రకారం, మన జీవసంపదను వ్యాపారానికి వాడుకొనే సంస్థలు తమ లాభంలో కొంత వాటా చెల్లించవలెను. ఆ వాటా ఆ సంపదను కాపాడినవారికి చేరవలెను. ఎర్రచందనం విషయంలో ఇట్లు సమకూరిన నిధినుండి 2025లో ఆంధ్రప్రదేశ్‌లోని 198 మంది రైతులకును, ఒక విద్యాసంస్థకును కలిపి 3 కోట్ల రూపాయలు విడుదలయినవి. ఆ రైతులు చిత్తూరు, తిరుపతి, నెల్లూరు, కడప జిల్లాలలోని 48 గ్రామాలకు చెందినవారు. అమ్మిన కలపను బట్టి ఒక్కొక్కరికి 33 వేల రూపాయల నుండి 22 లక్షల వరకు దక్కినది. సగటున లక్షన్నర అనుకొనవచ్చును. ఇది కలపకు వచ్చిన ధరకు అదనం.

ఇది మంచి వార్తయే. అయినా విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఇక్కడ రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, ఈ సొమ్ము చెట్టును కొట్టి అమ్మిన తరువాత వచ్చినది. నిలిచి ఉన్న ఇరవై ఏండ్లలో ఆ చెట్టు ఇచ్చిన విత్తనానికి గాని, నీడకు గాని, నిలిపిన మట్టికి గాని ఎవరూ ఏమీ చెల్లించలేదు. రెండవది, ఎర్రచందనానికి బజారులో ధర ఉన్నది గనుక వాటా వచ్చినది. తంగేడుకు వాటా చెల్లించే ఎగుమతిదారు ఎవడు? గునుగుకు ఎవడు? ఎర్రకాళ్ళ కొంగకు ఎవడు? ధర ఉన్న జీవికి వాణిజ్యం నుండి వాటా రాబట్టవచ్చును. ధర లేని జీవికి ప్రజల ఖజానా ఒక్కటే దిక్కు. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని మన సామెత. అందరిదీ అయినదానికి ఎవరో ఒకరు పూనుకొనకపోతే జరిగేది అదే.

విత్తనం కూడా సంపదే

స్వంత భూమిలోని దేశీయ జీవజాలమంటే చెట్లూ పక్షులే కాదు. రైతు చేతిలోని విత్తనం కూడ అందులోనిదే. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, అవిసె మొదలైనవాటిని ఒకే చేనిలో కలిపి విత్తే అలవాటు పూర్వంనుండి ఉన్నది. చౌకధరల దుకాణంలో బియ్యం వచ్చిన కొలది ఈ పంటలకు ఆదరణ తగ్గి, చేలు పడావు పడినవి. 1983లో ప్రారంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి దళిత మహిళల సంఘాలతో పనిచేసినది. 1990 దశకం మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో సుమారు ముప్పై గ్రామాలలో ఒక ప్రయోగం జరిగినది. పడావు భూమిని సాగులోనికి తెచ్చుకొనుటకు బీద రైతులకు సొమ్ము ఇచ్చినారు. వారు దానిని కొన్నేండ్లపాటు జొన్నల రూపంలో ఊరి ధాన్యపు నిధికి తీర్చినారు. ఆ జొన్నలను అదే ఊరిలోని బీదలకు తక్కువ ధరకు పంచినారు.

ఇందులోని తెలివిని గమనించండి. ప్రభుత్వం విత్తనాన్ని కాపాడమని ఉపదేశించలేదు, పాత పంట పండితే తినేవారున్నారన్న భరోసా ఇచ్చినది. పండేది తినబడితే విత్తనం దానంతటదే నిలుస్తుంది. గాదెలో నిలువచేసిన విత్తనం కాలక్రమాన మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. చేనిలో ఏటా మొలిచే విత్తనం మారుతున్న ఎండలకు, వానలకు తానూ మారుతూ బ్రతుకుతుంది. ఈ మహిళా సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

చరిత్ర చెప్పే లెక్క

పోరుమామిళ్ళ చెరువునుండి జహీరాబాదు చేలవరకు సాగిన ఈ ఆరున్నర శతాబ్దాల కథలో ప్రభుత్వ సహాయం ఎక్కడ ఫలించినదో, ఎక్కడ వ్యర్థమైనదో చూచినాము. ఫలించినచోట్ల మూడు లక్షణాలు కనబడుతున్నవి. సహాయం ఒక్కసారి ఇచ్చి మరచిపోయేదిగా కాక, కాపాడినంతకాలం ఏటేటా అందవలెను. కాపాడుట నిజంగా జరుగుతున్నదా అని చూచే కన్ను ఊరిలోనే ఉండవలెను, దూరపు కచేరీలో కాదు. నష్టపోయేవాడెవడో ముందే గుర్తించి, అతడు పట్టాదారు అయినా, కౌలుదారు అయినా, కూలివాడైనా, అతని వాటా అతనికి చేరవలెను. మొదటిది మరచినందున అమెరికా గడ్డినేలలు పోయినవి. రెండవది లోపించినందున మాన్యాలు పని లేని హక్కులుగా మారినవి. మూడవది ఆలస్యమైనందున కొల్లేరు వివాదమైనది.

వీటిలో రెండవ పనికి మన ఉన్నత పాఠశాలలు తోడ్పడగలవు. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘం ఉండవలెను. ఆ సంఘం ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలెను. ఊరిలో ఏ చెట్లున్నవి, ఏ పక్షులు ఎప్పుడు వస్తవి, ఏ విత్తనం ఎవరి ఇంట ఉన్నది అనే వివరాలు అందులో చేరవలెను. ఏ గట్టుమీద ఏమున్నదో తెలియకుండా, ఎవరికి ఏమి చెల్లించవలెనో తెలియదు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత పాఠశాలకు ఒక మైలు లోపల ఉన్న చేనిగట్లను ఋతువుకొకసారి పరిశీలింపజేసి, మొక్కల పేర్లు ఊరి పెద్దలను అడిగి వ్రాయించి, ఆ జాబితా నకలు ఒకటి పంచాయతీకి ఇస్తే, అది మంచి వృక్షశాస్త్ర పాఠం అవుతుంది. రేపు ఒక రైతు తన గట్టుకు సహాయం కోరిననాడు చూపదగిన సాక్ష్యమూ అవుతుంది.

తార్నాకలో, అంబరుపేటలో ఉన్న విద్యార్థులకు చేలు లేవు గదా అనవచ్చును. వారు చేయగల పని ఒకటి ఉన్నది. వచ్చే బతుకమ్మకు పూలు కొనేటప్పుడు, అమ్మే అవ్వను ఈ తంగేడు ఏ ఊరి గట్టునుండి తెచ్చినావని అడగండి. ఆ ఊరి పేరు పుస్తకంలో వ్రాసికొనండి. మరుసటి ఏడు, ఆ పై ఏడు కూడ అడగండి. ఆమె చెప్పే ఊరు ఏటేటా పట్నానికి మరింత దూరమవుతున్నదో లేదో మీకే తెలుస్తుంది.